పరుగునకును కొలత కలదు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరములందలి గృహిణులము మేము మువ్వురము హైదరాబాదు మారథానునకై సాధన చేయుచున్నాము. ఆ దూరము 42.195 కిలోమీటర్లు. ఒలింపిక్సునందు పురుషులకు 1896లోనే కల్పింపబడిన యీ పందెము స్త్రీలకు 1984లోగాని లభింపలేదు.

మొదట శీతలదేశమువారి పట్టిక నొకదానిని మువ్వురమును అనుసరించితిమి. ఇచటి పందెము జరుగునది ఆగస్టులో. కావున సాధన మే మాసపు మండుటెండలలోనే మొదలు. ఆరవ వారమున మాలో నొకరికి మోకాలు వాచినది. ఇంటివారు మానుమందురని జడిసి ఆమె నాలుగు దినములు నొప్పిని దాచినది. తప్పు పట్టికది. ఒకరి కొలతకు కుట్టిన రవిక వేఱొకరికి పట్టునా?

పిమ్మట ఎవరి పట్టికను వారు వ్రాసికొంటిమి. వారమునకు నాలుగు దినములే పరుగు. మూడు దినములు ఇందిరా పార్కు చెంత, తెల్లవాఱకముందే, మాటలాడ వీలగునంత మెల్లగా. ఆదివారము హుస్సేన్‌సాగరపు టొడ్డున దీర్ఘమైన పరుగు. వారపు దూరమును పదియవ వంతునకు మించి పెంచము. ప్రతి నాలుగవ వారమున తగ్గింతుము. నగరపు వంతెనల యెత్తులకు కాళ్ళు అలవడుటకై మెట్లెక్కుదుము. కుళాయినీరు వచ్చు దినము విశ్రాంతి. జ్వరపడిన బిడ్డకడ రాత్రి మేలుకొన్నచో ఉదయమున పరుగు లేదు. ఆ లోటును మఱునాడు పూరింప యత్నింపము. కడపటి మూడు వారములు దూరమును క్రమముగ తగ్గించుకొందుము.

మోకాలు నొచ్చిన సోదరి వైద్యుని యనుమతితో ఈయేడు సగము దూరమే, 21.1 కిలోమీటర్లు, పరుగెత్తును. ఈమాఱు ఇంటివారికి ముందే చెప్పినది. ఇప్పుడామెను గడియారముకంటె ముందుగా అత్తగారే లేపుచున్నారు.