తడి మట్టితో కరెంటు

పీట్‌తో కరెంటు తీసే కేంద్రంలో అసలు యంత్రం ఏదంటే టర్బైన్ కంటే ముందు ఆరుబయటి పొలాన్ని చూపించాలి. చిత్తడి నేలల్లో నాచు, గడ్డి సగమే కుళ్లి వేల ఏళ్లుగా పేరుకున్నదే పీట్. తవ్వేటప్పుడు అందులో 90 శాతం దాకా నీరే. పూర్తిగా ఎండిన పీట్ కిలోకు సుమారు 20 మెగాజౌళ్ల వేడినిస్తుంది. కిలో నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 2.5 మెగాజౌళ్లు పడతాయి. అంటే తవ్వితీసిన కిలోలోని 100 గ్రాముల ఇంధనం ఇచ్చేది 2 మెగాజౌళ్లు, మిగతా 900 గ్రాముల నీరు అడిగేది 2.25. తన తడిని తానే ఆర్చుకోలేని ఇంధనం ఇది! తడి సగానికి దిగిన కిలో పీట్‌లో మాత్రం రాబడి 10, ఖర్చు 1.25. ఈ తేడా అంతా ఎండా గాలీ పెట్టిన పెట్టుబడే.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ బొగ్గు సరిగా అందక ఇబ్బందిపడిన ఐర్లండ్ ఈ పెట్టుబడిని పద్ధతిగా వాడుకుంది. 1950 నాటి పోర్టార్లింగ్టన్ కేంద్రం గడ్డలుగా కోసి ఆరబెట్టిన పీట్‌ను కాల్చింది. 1957లో ఫెర్బేన్ కేంద్రం పొడి పీట్‌కు మారింది. కాలువలు తీసి నేలను కొంత ఆరనిచ్చి, పైపైన సెంటీమీటరు మందాన గీకి, తిరగేస్తూ ఎండబెట్టి, వాన రాకముందే కుప్ప చేస్తారు. యంత్రాలతో పిండితే పోలేదా అనవచ్చు. పీట్ నీటిని మొక్కల కణాల్లోనూ సన్నటి రంధ్రాల్లోనూ పట్టి ఉంచుతుంది. ఎంత నొక్కినా చాలావరకు వదలదు. వేడితో ఆర్చాలంటే మళ్లీ మొదటి లెక్కే.

మిగిలిన సగం తడి సంగతి బాయిలర్ చూసుకోవాలి. 2000లో మొదలైన ఈడెన్‌డెర్రీ కేంద్రం చూపిన ఉపాయం నాకెంతో ఇష్టం. ఎర్రగా కాలిన ఇసుకలోకి కింది నుంచి గాలి ఊదితే అది ద్రవంలా పొర్లుతుంది. బొరుగుల బట్టీలో ఇసుక ప్రతి గింజకూ వేడి అంటించినట్టే, ఈ ఇసుక వచ్చిపడిన ప్రతి తడి పీట్ తునకనూ చుట్టుముట్టి క్షణాల్లో ఆర్చి కాల్చేస్తుంది. ఇసుక రాశిలో ఇంధనం పాలు అతి కొద్ది కాబట్టి తడి హెచ్చుతగ్గులతో మంట తడబడదు.

ఇంత చక్కని ఉపాయం ఉండగా పీట్ కాల్చడం ఎందుకు ఆపారంటే, ఇసుక తడిని జయించినా కార్బన్‌ను తగ్గించలేదు. ఒక్కో గిగాజౌల్‌కు పీట్ వదిలే కార్బన్ డయాక్సైడ్ దాదాపు 106 కిలోలు, బొగ్గుది 95. పీట్ మళ్లీ పెరుగుతుందిగా అన్న వాదమూ నిలవదు. పెరిగేది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు, గీకేది ఒక్క విడతకే సెంటీమీటరు. లేన్స్‌బరో, షానన్‌బ్రిడ్జ్ కేంద్రాలు 2020లో మూతపడ్డాయి. ఈడెన్‌డెర్రీ 2023 చివరికి పీట్‌ను వదిలి, అదే ఇసుక మీద కలప ముక్కలు కాలుస్తోంది.