మూత బిగిస్తే సరిపోదు!

‘మామిడికాయ తొక్కు ఏడాదంతా ఉంటది గద సార్, సీసాల పెట్టిన బీన్స్ ఎందుకుండవు?’ నెక్కొండలో ఓ అమ్మ అడిగిన ప్రశ్న ఇది. కూరగాయలను సీసాల్లో నింపి, మరిగే నీళ్లలో ఉంచితే నెలల తరబడి నిల్వ ఉంటాయంటూ రీల్స్ వస్తున్నాయి. నమ్మొద్దు.

తొక్కును కాపాడేది పులుపు, ఉప్పు. అవి తగినంత లేనిచోట, గాలి ఆడని సీసాలో బొటులినం బ్యాక్టీరియా విషాన్ని తయారుచేస్తుంది. దాని సిద్ధబీజాలు 100 డిగ్రీల నీళ్లలోనూ చావవు. 1985లో కెనడాలోని వాంకోవర్‌లో నూనెలో నిల్వచేసిన వెల్లుల్లి తిని 36 మంది జబ్బుపడ్డారు.

రుచి, వాసన మారకపోవచ్చు. మూత ఉబ్బితే రుచి చూడకుండానే పారేయండి. కనురెప్పలు వాలినా, ఒకటి రెండుగా కనిపించినా, మింగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఏం తిన్నారో డాక్టర్‌కు చెప్పండి.