పోయినవాళ్లు ఎప్పుడు పోయినట్టు?

పాడె మోసేవాళ్లు శ్మశానానికి సగం దూరంలో ఆగుతారు. పాడెను కిందికి దించుతారు. తలకొరివి పెట్టే కొడుకు వంగి, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలుస్తాడు. ఇదే దింపుడు కళ్లం. పలకరని అక్కడున్న అందరికీ తెలుసు. డాక్టరు సర్టిఫికెట్ రాసిచ్చి కూడా ఉంటాడు. అయినా మనిషి పోయాడని ఒప్పుకోవటానికి ముందు మనవాళ్లు ఇంకో గడువు పెట్టుకున్నారు. ఇలాంటి గడువులు ప్రపంచమంతటా ఉన్నాయి. కొందరికి గంటలు, కొందరికి ఏళ్లు. ఇంకొందరికి గడువన్నదే లేదు.

★

పార్శీలు ఈ పరీక్షను కుక్కకు అప్పగించారు. స్నానం చేయించి తెల్లబట్టలు కట్టిన దేహాన్ని కుక్కకు చూపించే ఈ ఆచారం పేరు సగ్‌దీద్. కళ్లపైన రెండు మచ్చలుండి, నాలుగు కళ్లున్నట్టు కనిపించే కుక్క అయితే శ్రేష్ఠం. కుక్క చూపు దుష్టశక్తిని తరుముతుందని మతం చెబుతుంది. ప్రాణం మిగిలి ఉంటే కుక్క ఇట్టే పసిగడుతుందనే వివరణ కూడా ఉంది. నాకైతే రెండోదే నచ్చుతుంది.

ఆ తర్వాత దేహం దఖ్మాకు చేరుతుంది. నిప్పు, నేల, నీరు మూడూ పవిత్రం కాబట్టి వేటినీ మైలపరచకూడదు. అందుకే పైకప్పు లేని ఎత్తయిన గుండ్రటి కట్టడంలో ఎండకూ రాబందులకూ వదిలేస్తారు. సికింద్రాబాద్ దగ్గరి పార్శీగుట్టకు ఆ పేరు వచ్చింది అక్కడి పార్శీల దఖ్మాల వల్లే. అయితే 1990ల నుంచి మన దేశంలో రాబందులు కుప్పకూలిపోయాయి. పశువులకు నొప్పి తగ్గటానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ మందు వాటి కళేబరాల్లో మిగిలిపోయేది. ఆ మాంసం తిన్న రాబందులకు మూత్రపిండాలు దెబ్బతినేవి. 2006లో పశువులకు ఆ మందు వాడకూడదని ప్రభుత్వం నిషేధించింది గానీ అప్పటికే తెల్లవీపు రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ముంబైలోని దఖ్మాలున్న డూంగర్‌వాడిలో పక్షుల పనిని కొంతవరకు సూర్యకాంతిని ఒకచోట కేంద్రీకరించే పరికరాలకు అప్పజెప్పారు. పాతపద్ధతిని వదల్లేక, దహనానికి ఒప్పుకోలేక పార్శీలలో వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

★

తెల్లదొరలకు ఇలాంటి అనుమానాలు ఉండవనుకుంటే పొరపాటు. 18, 19 శతాబ్దాల ఐరోపాను బతికుండగానే పూడ్చేస్తారేమోనన్న భయం పట్టి పీడించింది. జర్మనీ నగరాల్లో శవాలను కొన్నాళ్లు ఉంచి కనిపెట్టుకోవటానికి ప్రత్యేకంగా భవనాలే కట్టారు. వేలికి ఉంగరం, ఉంగరానికి తీగ, తీగ చివర గంట, గంట మోగుతుందేమోనని రాత్రంతా కాపలాదారు. రచయిత మార్క్ ట్వేన్ మ్యూనిక్‌లో ఇలాంటిదాన్ని చూసి 1883లో అచ్చయిన తన మిసిసిపీ పుస్తకంలో దాని గురించి రాశాడు.

1897లో కౌంట్ కార్నీస్-కార్నిట్స్కీ అనే రష్యా దొర ఇంకో అడుగు ముందుకు వేశాడు. పాతిపెట్టిన పెట్టెలోంచి నేల పైదాకా ఒక గొట్టం పెట్టాడు. లోపలి మనిషి ఛాతీ కదిలితే చాలు, పైన జెండా లేస్తుంది, గంట మోగుతుంది, గాలి ఆడుతుంది. చిక్కల్లా ఏమిటంటే దేహం కుళ్లేటప్పుడు వచ్చే కదలికకు కూడా జెండా లేవగలదు. బతికొచ్చాడనుకుని తవ్వినవాళ్ల గతి ఊహించుకోండి.

డైనమైట్ కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్ 1895 నాటి తన వీలునామాలో బహుమతుల సంగతి రాసి, చివర ఒక కోరిక చేర్చాడు. పోయాక తన రక్తనాళాలు కోయాలి, చచ్చానని మంచి వైద్యులు నిర్ధారించాలి, అప్పుడే దహనం చెయ్యాలి. సంగీతకారుడు షోపాన్‌దీ అదే భయం. 1849లో పారిస్‌లో ఆయన పోయాక దేహాన్ని కోసి గుండె బయటికి తీశారు. ఆ గుండె ఇప్పుడు వార్సాలోని హోలీ క్రాస్ చర్చి స్తంభంలో ఉంది. తక్కిన దేహం పారిస్‌లోనే.

★

ఇండోనేషియాలోని సులవెసి దీవి కొండల్లో ఉండే తొరాజా జనానికి ఇంత కంగారు లేదు. ఇంట్లో పెద్దాయన కన్నుమూస్తే ఆయనకు ఒంట్లో బాగాలేదంటారు. దేహం చెడిపోకుండా పూర్వం మూలికలు వాడేవారు, ఇప్పుడు ఫార్మలిన్ వాడుతున్నారు. ఆయన గది ఆయనదే. పూటపూటా భోజనం పెడతారు, కాఫీ ఇస్తారు, అలవాటుంటే సిగరెట్టు కూడా. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ఆయన్ను పలకరించి మరీ వెళ్తారు. ఇలా నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. డబ్బు కూడాలి, దూరదేశాల్లో ఉన్న పిల్లలు రావాలి మరి.

అన్నీ కుదిరాక రంబు సోలో అనే అంత్యక్రియల పండుగ. తొలి దున్న నేలకొరిగిన తర్వాతే ఆయన నిజంగా చనిపోయినట్టు లెక్క. కలిగినవాళ్లయితే దున్నలు పదుల్లో తెగుతాయి. నలుపూ తెలుపూ కలిసిన మచ్చల దున్నకు గిరాకీ ఎక్కువ, మేలైనదొక్కటి కారు ధర పలుకుతుంది. ఎవరు పంది తెచ్చారు, ఎవరు దున్న తోలుకొచ్చారన్నది ఒకరు కూర్చుని రాసుకుంటారు, అచ్చం మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకంలాగే. రేపు వాళ్లింట్లో ఎవరైనా పోతే ఆ బాకీ తీర్చాలి, తాత బాకీ మనవడైనా సరే. స్థానిక ప్రభుత్వం కోసిన ప్రతి జంతువు మీదా పన్ను వసూలు చేసుకుంటుంది. తొరాజాల్లో ఎక్కువమంది క్రైస్తవులు. పాస్టరు ప్రార్థన, దున్నల బలి ఒకే వాకిట్లో జరిగిపోతాయి.

ఇంకా పళ్లు రాని పసిబిడ్డ పోతే మాత్రం పద్ధతి వేరుగా ఉండేది. తెల్లటి పాలు కారే పెద్ద చెట్టు మానును తొలిచి, బిడ్డను అందులో ఉంచి, నారతో మూసేవారు. కాంబిరా అనే ఊళ్లో అలాంటి చెట్టును ఇప్పటికీ చూడవచ్చు. ఆచారం మాత్రం ఆగిపోయింది.

★

బాలిలో దహనానికి అయ్యే ఖర్చు కూడేదాకా దేహాన్ని తాత్కాలికంగా పూడ్చి ఉంచుతారు. పేదవాళ్లు పదిమందీ కలిసి సామూహికంగా కానిచ్చేయటమూ ఉంది. ఊరేగింపులో నాలుగు దారుల కూడలి వస్తే శవం ఉన్న గోపురాన్ని గిరగిరా తిప్పుతారు. ఆత్మ ఇంటిదారి మర్చిపోవాలట.

★

మడగాస్కర్ పీఠభూమి జనానికి ఆ బెంగ లేదు. వాళ్లే పోయినవాళ్లను బయటికి పిలుస్తారు. ఐదారేళ్లకో ఏడేళ్లకో, అక్కడి చలికాలంలో, కుటుంబ సమాధి తలుపు తెరిచి అవశేషాలను బయటికి తెచ్చి కొత్త పట్టుగుడ్డ చుడతారు. భుజాలకెత్తుకుని బ్యాండు మేళం నడుమ చిందులేస్తారు. ఇంట్లో పుట్టినవాళ్ల సంగతులు, పెళ్లిళ్ల సంగతులు చెబుతారు. ఫమదిహన అనే ఈ వేడుకకు అప్పులు చేసేవాళ్లూ ఉన్నారు. పాత గుడ్డ పీలికను సంతానం కోసం దాచుకునే ఆడవాళ్లూ ఉన్నారు. 2017లో ఆ దేశంలో ప్లేగు విరుచుకుపడినప్పుడు, ఆ జబ్బుతో పోయినవాళ్లను మళ్లీ తెరిచే సమాధుల్లో పెట్టొద్దని అధికారులు చెప్పాల్సి వచ్చింది.

★

జపాన్‌లో దాదాపు అందరికీ దహనమే. కొలిమి చల్లారాక బంధువులు ఇద్దరిద్దరుగా నిలబడి, చాప్‌స్టిక్‌లతో ఒకే ఎముకను కలిసి పట్టుకుని కలశంలో వేస్తారు. ముందు పాదాల ఎముకలు, చివర తలవి. కలశంలో మనిషి తలకిందులుగా ఉండకూడదు కదా. మెడలోని ఒక వెన్నుపూస ధ్యానంలో కూర్చున్న బుద్ధుడిలా కనిపిస్తుందని దానికి ప్రత్యేక గౌరవం. తూర్పు జపాన్ వాళ్లు ఎముకలన్నీ తీసుకెళ్తారు, పడమటివాళ్లకు కొన్ని చాలు. అన్నం తినేటప్పుడు ఒకరి చాప్‌స్టిక్‌ల నుంచి ఇంకొకరి చాప్‌స్టిక్‌లకు ముక్క అందిస్తే జపనీయులు ఉలిక్కిపడేది ఇందుకే.

మన సంచయనం కూడా ఈ వరసలోదే. ఆశ్వలాయన గృహ్యసూత్రం చెప్పే విధి వినండి. బొటనవేలు, ఉంగరపువేలు కలిపి ఒక్కొక్క ఎముకనే తీయాలి. కుండలో వేసేటప్పుడు చప్పుడు కాకూడదు. కాళ్లవి ముందు, తలది చివర. కొలిమి గది పక్కన నిలబడిన జపాన్ బంధువులకూ, గోదావరి ఒడ్డున కుండ పట్టుకున్న మనవాళ్లకూ వరస ఒకటే.

★

ఘనా రాజధాని అక్రా పక్కనే ఉన్న తెషీలో సేత్ కానె క్వే అనే వడ్రంగి ఉండేవాడు. వాళ్ల అవ్వ ఎన్నడూ విమానం ఎక్కలేదు. దగ్గర్లోని విమానాశ్రయంలో లేచే విమానాలను చూసి మురిసిపోయేది. 1951లో ఆమె పోయినప్పుడు మనవడు విమానం ఆకారంలో పెట్టె చేసి అందులో సాగనంపాడు. అక్కడి నుంచి జాలరికి చేప, రైతుకు కోకో కాయ, మిరపకాయల వ్యాపారికి మిరపకాయ, ఇలా పెద్ద పరిశ్రమే అయింది. 1989లో పారిస్‌లోని పాంపిడూ సెంటర్ నిర్వహించిన కళాప్రదర్శనలో కానె క్వే పెట్టెలు నిలబడ్డాయి. వాటిని మట్టిలో కలపటానికి చేస్తారని తెలిసి కళాభిమానులు ఎంత నొచ్చుకున్నారో!

ఇంత పెట్టె తయారు కావాలంటే వ్యవధి కావాలి. ఘనాలో దేహం వారాలు, నెలలు మార్చురీలో ఉండటం మామూలే. ఊరంతా కలిసి వచ్చేది శనివారాలు. 2020 లాక్‌డౌన్‌లో మన ఫోన్లన్నిటిలో శవపేటిక మోస్తూ నాట్యమాడిన సూటుబూటు కుర్రాళ్లు కూడా అక్కడివాళ్లే. డబ్బు తీసుకుని చేసే వృత్తి అది.

★

గడువే లేనివాళ్ల దగ్గరికి వద్దాం. పెరూలోని ఇంకా సామ్రాజ్యంలో చక్రవర్తి పోతే ఆయన భవనాలు, భూములు, నౌకర్లు ఆయన పేరిటే ఉండేవి. కొత్త రాజుకు దక్కేది సింహాసనం మాత్రమే, ఆస్తి సొంతంగా సంపాదించుకోవాలి. పాత రాజు మమ్మీని రాజధాని కుస్కో నడిబొడ్డున పండుగలకు తెచ్చి కూర్చోబెట్టేవారు. విందు పెట్టేవారు. రాచకార్యాల్లో సలహా కూడా అడిగేవారు, ఆయన తరఫున జవాబు చెప్పేవాళ్లు వంశంలో ఉండేవారు కాబట్టి. 1559లో స్పెయిన్ అధికారి పోలో దె ఒండెగార్దో వెతికి వెతికి ఈ మమ్మీలను పట్టుకున్నాడు. రాజులు పోయాక కూడా వాళ్ల పరపతి పోలేదని అతనికి బాగా తెలుసు.

పురాతన వింత అని కొట్టిపారేయకండి. 1994లో మరణించిన కిమ్ ఇల్ సంగ్‌ను ఉత్తర కొరియా 1998 రాజ్యాంగంలో శాశ్వత అధ్యక్షుడిగా ప్రకటించింది.

★

ఈజిప్టువాళ్లు మాత్రం పని ఎప్పటికి ముగియాలో కచ్చితంగా లెక్క కట్టారు. మమ్మీ చెయ్యటానికి డెబ్బై రోజులు. మెదడును ముక్కులోంచి లాగి పారేసేవారు, గుండెను ఉన్నచోటే ఉంచేవారు, దేహాన్ని నాట్రాన్ అనే ఉప్పులో ఎండబెట్టేవారు. అంత భద్రం చేసింది ఎక్కడెక్కడికి చేరిందో చూడండి. 1890లో టన్నుల కొద్దీ పిల్లుల మమ్మీలు లివర్‌పూల్ రేవుకు చేరి పొలాల్లో ఎరువైపోయాయి. ఒక యువతి మమ్మీ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతికొచ్చి, అక్కడి నుంచి హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియానికి చేరింది. రెండు వేల ఏళ్లకు పైగా చెక్కుచెదరని దేహం ఇక్కడి గాలికీ తేమకూ చెడిపోసాగింది. 2016లో స్కానింగులు తీసి, నైట్రోజన్ నింపిన గాజుపెట్టెలోకి మార్చారు. ఈజిప్టు పూజారులు డెబ్బై రోజుల్లో అయిందనిపించిన పని హైదరాబాద్‌లో ఇంకా నడుస్తోంది.