పాత పట్టాల కింద నేలను ఏమని అడగాలి?

మాలో చాలామందిమి ఒకే ఊళ్లో మూడు నాలుగేళ్లకు మించి ఉండం. నాన్నగారికో అమ్మకో బదిలీ కాగానే కొత్త ఊళ్లో క్వార్టర్ ఎలా ఉంది, నీళ్లు ఎలా ఉన్నాయి అని అడుగుతాం. కాళ్ల కింద నేల ఇంతకుముందు ఏమిటని మాత్రం అడగం. రైల్వే కాలనీ పక్కన వాడకంలో లేని సైడింగు కనిపిస్తే చాలు, అక్కడే వికెట్లు పాతేస్తాం. అలాంటి స్థలంలో రేపు సైకిల్ దారి గానీ మెట్రో స్టేషన్ గానీ కట్టాలంటే ముందుగా నేలను ఎలా పరీక్షిస్తారు?

దీనికి మంచి ఉదాహరణ అమెరికాలోని అట్లాంటా. ఆ నగరంలో సరుకు రవాణాకు వేసిన పాత రైలు మార్గాలు చాలా ఉండేవి. వాటిని కలిపి 22 మైళ్ల (సుమారు 35 కిలోమీటర్ల) వలయం చేసి, ట్రామ్ లాంటి రైలు నడపవచ్చని 1999లో ర్యాన్ గ్రావెల్ అనే జార్జియా టెక్ విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో రాశాడు. అదే నేటి ‘బెల్ట్‌లైన్’. నడిచేవారికి, సైకిళ్లకు తూర్పు వైపు దారి 2012లో తెరిచారు. రైలు మాత్రం ఇంకా రాలేదు.

పట్టాలు తీసేస్తే రైలు పోతుంది గానీ, అది వదిలినవి పోవు. చెక్క స్లీపర్లు పుచ్చిపోకుండా క్రియోసోట్ అనే తారు నూనె పట్టించేవారు. పట్టాల మధ్య గడ్డి మొలవకుండా ఒకప్పుడు ఆర్సెనిక్ ఉన్న కలుపు మందులు చల్లేవారు. ఆవిరి ఇంజన్ల బొగ్గు బూడిద, డీజిల్ కారిన మరకలు, పాత రంగుల్లోని సీసం కూడా ఉంటాయి. డీజిల్‌ను నేలలోని సూక్ష్మజీవులు కొన్నేళ్లకైనా కొంత తినేస్తాయి. ఆర్సెనిక్, సీసం మూలకాలు కాబట్టి వాటిని ఏ జీవీ విడగొట్టలేదు. యాభై ఏళ్ల తర్వాత కూడా అవి అలాగే ఉంటాయి.

అందుకే పరీక్ష రెండు దశల్లో జరుగుతుంది. మొదటి దశలో ఒక్క పిడికెడు మట్టి కూడా తీయరు! పాత పటాలు, విమానం నుంచి తీసిన ఫొటోలు, యజమానుల రికార్డులు చూస్తారు. స్థలమంతా కాలినడకన తిరుగుతారు. గడ్డి మొలవని చోటు, నూనె వాసన, నల్లబడ్డ కంకర రాసుకుంటారు. అక్కడ పనిచేసి రిటైరైన వాళ్లను అడుగుతారు. మాకు ఈ దశే బాగా నచ్చింది, ఎందుకంటే ఇది సైన్సు కన్నా చరిత్ర పాఠానికి దగ్గరగా ఉంది. ఎక్కడ తవ్వాలో చెప్పేది కూడా ఇదే.

రెండో దశలో అనుమానం ఉన్న చోట బోర్లు వేసి, పై మట్టిని, లోతు మట్టిని విడివిడిగా ల్యాబుకు పంపుతారు. భూగర్భ జలం కూడా పరీక్షిస్తారు. రైలు ఎన్నడూ తిరగని పక్క స్థలం నుంచీ కొంత మట్టి తీస్తారు. ఆర్సెనిక్ సహజంగా కూడా నేలలో ఉంటుంది కదా, పోల్చి చూడకపోతే ఎంత రైలు పెట్టిందో ఎలా తెలుస్తుంది?

అసలు చిక్కు ఫలితాలు వచ్చాక మొదలవుతుంది. విషం ఉందా అన్నది ఒక ప్రశ్న. అది మనిషి దాకా ఏ దారిన వస్తుంది అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. సైకిల్ మీద వెళ్లేవాడు మట్టిని ముట్టుకోడు, పైగా తారు వేసిన దారే కింది మట్టికి మూతలా పనిచేస్తుంది. అదే దారి పక్కన పిల్లల పార్కు పెడితే లెక్క మారిపోతుంది. చిన్నపిల్లలు మట్టి చేతులు నోట్లో పెట్టుకుంటారు. సీసం వాళ్ల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఇంతవరకైతే ఫర్వాలేదు అనే హద్దు దానికి లేదు. అక్కడ పాత మట్టి తీసి కొత్త మట్టి పోయాలి, లేదా మందంగా కప్పాలి. స్టేషన్‌లో మూసిన గదులుంటే, నేలలోని పెట్రోలు ఆవిర్లు లోపలికి చేరకుండా పునాది కింద పొర వేయాలి. తవ్వేటప్పుడు దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడం కూడా ముఖ్యమే, లేకపోతే శుభ్రం చేసే పనే పక్క ఇళ్లకు విషం మోస్తుంది.

మన దేశంలోనూ ఇది దూరపు విషయం కాదు. 1992లో మొదలైన యూనిగేజ్ ప్రాజెక్టు కింద మీటర్ గేజ్ లైన్లు బ్రాడ్ గేజ్‌గా మారినప్పుడు కొన్నిచోట్ల దారి మళ్లింది, పాత దారి ఖాళీగా మిగిలింది. కలుషిత స్థలాలను గుర్తించి, ముందు ప్రాథమికంగా, తర్వాత వివరంగా పరీక్షించాలని కేంద్ర ప్రభుత్వం 2025లో నియమాలు తెచ్చింది. కాలుష్యం చేసినవారే ఖర్చు భరించాలని కూడా వాటిలో ఉంది.

ఇదంతా చదివాక మేం మా సైడింగు దగ్గరికి వెళ్లి మొదటి దశ మాత్రం చేసి చూశాం. ఒక మూల గడ్డి అసలు లేదు. కాలనీలో ఉండే రిటైరైన ఖలాసీ తాతగారిని అడిగితే, అక్కడే ఇంజన్లకు డీజిల్ పట్టేవాళ్లమని చెప్పారు. అది మా లాంగాన్ ఫీల్డర్ రోజూ నిలబడే చోటు. వికెట్లు అవతలి వైపుకు మార్చాం.