ట్యూబులేని టైరుకు చేతిపంపు చాలునా?

సైకిలుకు గాలి కొట్టడానికి చదువుతో పనేముంది, రెక్కల్లో సత్తువ ఉంటే చాలదా అనుకునేవాణ్ణి. ప్రాక్టికల్ పరీక్షల ముందు ఒక ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు ఆ భ్రమ తీరింది.

ఒక సీనియరు దగ్గర కొన్న గేర్ల సైకిలు నాది. దాని టైర్లలో ట్యూబు ఉండదు. వెనక టైరు బాగా అరిగిపోతే కొత్తది తీసుకువెళ్ళి, సాయంత్రం తీరిగ్గా నేనే వేద్దామని పాతది విప్పేశాను. మర్నాడు తొమ్మిదిన్నరకు కెమిస్ట్రీ ప్రాక్టికల్. మా ఊరి మొదటి బస్సు ఎక్కితే కాలేజీ చేరేసరికి పదిన్నర. ఊళ్ళో ఉన్న ఒక్క పంచరు షాపూ ఆ రోజు మూసేసి ఉంది. తెరిచి ఉన్నా ఆ కంప్రెసరు గొట్టం మోటారు సైకిలు వాల్వుకు పట్టేదే గాని, నా సైకిలుకుండే సన్నటి ప్రెస్టా వాల్వుకు పట్టదు. ఆ సైజు ట్యూబు కూడా దొరకదు, దొరికితే అదే వేసుకుని పోదును. ఉన్నదల్లా ఒక చేతిపంపు.

మామూలు సైకిలులో గాలిని పట్టి ఉంచేది ట్యూబు. టైరు దానికి తొడిగిన చొక్కా లాంటిది. ట్యూబులేని దాంట్లో టైరూ రిమ్మూ కలిసి కుండ కావాలి. టైరుకు రెండు పక్కలా సాగని గట్టి అంచులుంటాయి, వీటినే బీడ్లు అంటారు. రిమ్ము లోపల నడిమధ్య ఒక గుంట, దానికి అటూ ఇటూ చిన్న అరుగులు, ఆ పైన గోడలు. టైరు తొడిగినప్పుడు అంచులు గుంటలో వదులుగా పడి ఉంటాయి. అవి అరుగెక్కి గోడకు ఆనుకుంటేనే గాలి నిలుస్తుంది. అయితే వాటిని అరుగెక్కించవలసింది కూడా ఆ గాలే! చిక్కంతా ఇక్కడే ఉంది. కార్లలో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉన్నా, కొండదారుల సైకిళ్ళకు ఫ్రాన్సు దేశపు మావిక్ కంపెనీ, హచిన్సన్, మిషెలిన్ టైర్ల వాళ్ళతో కలిసి దీన్ని తెచ్చింది 1999లోనే.

నేను పంపు కొట్టాను. వంద లెక్కపెట్టాను, రెండొందలు లెక్కపెట్టాను. టైరు బుస్సుమంటుందే గాని ఉబ్బదు. అరుగు మీద కూచుని చూస్తున్న మా నాన్న, "ఒరే, నువ్వు కొట్టేదంతా పక్కల్నుంచే పోతుంటే ఎంతసేపు కొడితే ఏం లాభం? గండి పూడ్చకుండా మడికి నీళ్ళు పెడతార్రా ఎవరైనా?" అన్నాడు.

సైన్సు చదివేవాణ్ణి, నాకు తట్టనిది ఆయనకు తట్టింది. సిగ్గేసి కాగితం తీశాను. నా చక్రంలో టైరు కూర్చునే చోటి వ్యాసం 622 మిల్లీమీటర్లు, అంటే చుట్టుకొలత దాదాపు రెండు మీటర్లు. రెండు పక్కలా కలిపి నాలుగు మీటర్లు. అంచుకూ రిమ్ముకూ మధ్య అర మిల్లీమీటరు సందు ఉందనుకున్నా, గాలి పోయే దారి సుమారు 2,000 చదరపు మిల్లీమీటర్లు. గాలి వచ్చే దారో? నాలుగు మిల్లీమీటర్ల రంధ్రమైతే 12 లేక 13 చదరపు మిల్లీమీటర్లు. రాకకు ఒక వంతు, పోకకు నూట యాభై వంతులు! నా పంపు ఒక్క దెబ్బకు మూడోవంతు లీటరు గాలి ఇస్తుంది, టైరు లోపల అయిదు లీటర్ల చోటుంది. కారడమే లేకపోతే పదిహేను దెబ్బలకే పదిహేను పౌండ్లు ఎక్కాలి. అంటే నా పంపుకు లోటు లేదు, గండిదే తప్పు. కంప్రెసరు చేసేదల్లా ఒక్కసారిగా వరద వదలడమే. గండి ఉన్నా వరదకు మడి నిండుతుంది. మన దగ్గర ఉన్నది బొక్కెన గనక గండి పూడ్చాలి.

నాన్న మోకు తెచ్చాడు. ట్రాక్టరు మీద గడ్డి లోడుకు బిగించినట్టు టైరు నడినెత్తి మీదుగా చుట్టూ కట్టి, కర్ర దోపి మెలిపెట్టాడు. నడినెత్తి లోపలికి నొక్కుకుంటే పక్కలు బయటికి తోసుకొచ్చి అంచులు గోడల దగ్గరకు జరుగుతాయి. అంతకు ముందే నేను చేతులతో అంచుల్ని గుంటలోంచి పైకి లాగి పెట్టాను. వాల్వు దగ్గర జాగ్రత్త కావాలి, అంచు వాల్వు కింద ఇరుక్కుంటే ఇక ఎక్కదు. తర్వాత చిక్కటి సబ్బునీళ్ళు పూశాం. ఆ నురగ సన్నసందుల్ని కప్పేస్తుంది, అంచు జారడానికీ పనికొస్తుంది. కిరసనాయిలూ నూనెలూ వద్దు, రబ్బరు పాడవుతుంది. చివరగా వాల్వు లోపలి పిన్ను విప్పేశాను, గాలి దారి వెడల్పవుతుందని. చక్రాన్ని నేలకు ఆనించకుండా వేపకొమ్మకు వేలాడదీశాం.

ఈసారి ఇరవై దెబ్బలు ఆగకుండా కొట్టాను. టైరు ఉబ్బింది! నాన్న మోకు వదులు చేశాడు. ఇరవై అయిదు పౌండ్ల దగ్గర టప్, టప్ మని రెండు చప్పుళ్ళు. టైరు పక్కన అచ్చులో పోసిన సన్నని గీత ఒకటుంటుంది. అది రిమ్ముకు చుట్టూ సమాన దూరంలో కనబడితే సరిగ్గా కూర్చున్నట్టు. పంపు తీస్తే గాలంతా పోయింది గాని అంచులు కదల్లేదు. వాల్వు గుండా రబ్బరు పాల సీలెంటు పోసి, పిన్ను బిగించి, మళ్ళీ గాలి కొట్టాను. టైరు మీద అచ్చువేసిన హద్దు మాత్రం దాటకూడదు సుమా.

దీనికన్నా తేలిక దారి ఒకటి తర్వాత తెలిసింది. ముందు ట్యూబు వేసి గాలి కొట్టి రెండు అంచుల్నీ కూర్చోబెట్టాలి. ఆపైన ఒక పక్క అంచునే విప్పి ట్యూబు లాగేసి వాల్వు బిగించాలి. గండి సగమే మిగులుతుంది. కొత్త టైరు మడతలు పోవడానికి కూడా ట్యూబుతో ఒక పూట ఎండలో ఉంచితే మంచిది.

హాస్టల్లో ఇద్దరు ముగ్గురు వేరే ఉపాయాలు చెప్పారు. కూల్‌డ్రింకు సీసాలోకి గాలి ఎక్కించి ఒక్కసారిగా వదలడం ఒకటి. లెక్క ప్రకారం అది పనిచేస్తుంది, కాని గీతలు పడ్డ ప్లాస్టిక్ సీసా చేతిలోనే పేలవచ్చు. కళ్ళు పోయాక టైరు దేనికి? రెండోది పెట్రోలు చల్లి అగ్గిపుల్ల గీయడం. పెద్ద టైర్లకు అలా చేసేవాళ్ళున్నారు. మంట వేడికి గాలి వ్యాకోచించి అంచు ఎక్కుతుంది, నిజమే. చల్లారగానే ఆ ఒత్తిడీ పోతుంది, ఈలోగా టైరు కాలుతుందో మనిషి కాలతాడో చెప్పలేం.

తెల్లవారి లేచి వేలితో నొక్కి చూశాను, టైరు గట్టిగానే ఉంది. ఏడింటికి బయలుదేరుతుంటే నాన్న గుమ్మంలోంచి, "ఆ మోకు కూడా పట్టుకుపోరా, దారిలో పనిబడుద్దేమో" అన్నాడు. పట్టుకెళ్ళాను. ఇప్పుడది మా హాస్టలు గదిలో బట్టలారేసుకోడానికి వాడుతున్నాం.