కళ్ళు తిరగడం అంటే పైత్యమేనా?

"కళ్ళు తిరుగుతున్నాయి" అనగానే మన ఇళ్ళలో వచ్చే మాట ఒకటే. "పైత్యం చేసిందిలే, మజ్జిగలో నిమ్మకాయ పిండుకుని తాగు." చాలాసార్లు దానితో సర్దుకుంటుంది కూడా. ఎండలో పని చేసినా, వేళకు తినకపోయినా, ఒంట్లో రక్తం తక్కువైనా కళ్ళు తిరుగుతాయి. పక్క మీద ఒత్తిగిలినప్పుడు ఇల్లంతా గిర్రున తిరిగి, నిమిషంలోపే ఆగిపోతే అది చాలావరకు చెవి లోపలి తేడా. కానీ కొన్నిసార్లు అసలు కారణం మెదడు వెనుక భాగంలో ఉంటుంది. అక్కడికి రక్తం సరిగా అందడం లేదన్నమాట. దాన్ని పైత్యం అనుకుని ఊరుకుంటే మనిషి దక్కకపోవచ్చు.

మెదడుకు రక్తం ఎలా వెళుతుంది? మెడలో నాలుగు పెద్ద రక్తనాళాలు ఉన్నాయి. రెండు ముందు వైపు. గొంతు పక్కన మెల్లగా వేలు పెట్టి చూడండి, కొట్టుకోవడం తెలుస్తుంది. మిగిలిన రెండు వెనుక వైపు. అవి మెడ ఎముకల్లోని చిన్న చిన్న కంతల్లోంచి పైకి ఎక్కుతాయి. తలలోకి పోయాక రెండూ కలిసి ఒక్కటవుతాయి. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర గోదావరి నీళ్ళు కృష్ణలో కలుస్తాయి కదా! 2015లో పట్టిసీమ నుంచి కాలువ ద్వారా ఆ నీళ్ళు వచ్చాయి. ఇదీ అలాంటి సంగమమే. అక్కడి నుంచి కొమ్మలు కొమ్మలుగా చీలి రక్తం మెదడు వెనుక భాగానికి అందుతుంది.

ఆ భాగం చేసే పని తక్కువేం కాదు. కన్ను చూసింది మనకు తెలిసేది అక్కడే. తూలకుండా నడిపించే చిన్నమెదడు అక్కడే ఉంది. మింగడం, ఊపిరి తీయడం నడిపేదీ ఆ వైపు రక్తంతోనే.

కాలువలో పూడిక పేరుకుంటే శివారు పొలానికి నీరందదు. రక్తనాళంలోనూ కొవ్వు అలాగే పేరుకుంటుంది. బీపీ, షుగరు, చుట్ట, బీడీ దాన్ని పెంచుతాయి. ఒక్కోసారి గుండెలో గడ్డకట్టిన రక్తం కొట్టుకొచ్చి అడ్డం పడుతుంది, గుర్రపుడెక్క వచ్చి తూముకు అడ్డం పడ్డట్టు.

ఒక ఇల్లాలు అంట్లు తోముతోంది అనుకోండి. ఉన్నట్టుండి ఒక గిన్నె రెండుగా కనిపించింది. లేచి నిలబడితే ఒక పక్కకు తూలింది. మాట ముద్దముద్దగా వచ్చింది. పది నిమిషాలకు అంతా మామూలైపోయింది. "తగ్గిపోయిందిగా" అని మళ్ళీ పనిలో పడింది. ఇదే ప్రమాదం. తగ్గిపోయినది రోగం కాదు, హెచ్చరిక మాత్రమే. అసలు దెబ్బ ఆ తరువాత రెండు మూడు రోజుల్లోనే రావచ్చు. అందుకని తగ్గినా సరే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

కళ్ళు తిరగడంతో పాటు ఒకటి రెండుగా కనిపించడం, చూపు మసకబారడం, మాట తడబడటం, మింగుడు పడకపోవడం, ముఖమో చెయ్యో తిమ్మిరెక్కడం, నడవలేకపోవడం, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం వద్దు.

ఆ సమయంలో మజ్జిగ, కాఫీ, మాత్ర ఏదీ నోట్లో పోయకండి. మింగలేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పసరు పోయించడం, పావురం రక్తం రాయడం మన వైపు ఇంకా ఉన్నాయి. వాటికోసం తిరిగేలోపు విలువైన గంటలు పోతాయి. 108కి ఫోన్ చెయ్యండి. 2005లో మొదలైన ఈ బండికి డబ్బు ఇవ్వక్కర్లేదు. తల స్కానింగ్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళాలి.

ఇంకో మాట, ఇది ఇంట్లో మగవాళ్ళకు చెప్పండి. క్షవరం చేయించుకుని మెడ టకటకా విరిపించుకుంటారు. హాయిగానే ఉంటుంది. కానీ గట్టిగా తిప్పితే ఆ వెనుక రక్తనాళం లోపల చీలిపోవచ్చు. అరుదే అయినా అంత ముచ్చట ఎందుకు?

బీపీ ఉన్నవాళ్ళు మాత్రలు మానకూడదు. బాగానే ఉన్నామని చాలామంది మానేస్తారు. మాత్ర వల్లే బాగున్నారు మరి. ఉప్పు మనిషికి రోజంతటికీ ఒక చిన్న చెంచా మించకూడదు. ఆవకాయలో, ఎండుచేపలో ఉన్న ఉప్పూ ఆ లెక్కలోకే వస్తుంది.

ఆసుపత్రిలో డాక్టరు ముందు అడిగేది, "ఎన్ని గంటలకు మొదలైంది?" అని. గడ్డను కరిగించే ఇంజెక్షను మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అందుకని మనిషి తూలినప్పుడు గడియారం చూసి, కాలెండరు మీద టైము రాసి పెట్టండి. వాడే మాత్రల పేర్లు కూడా ఒక కాగితం మీద రాసి, బండి ఎక్కేటప్పుడు చేత్తో పట్టుకెళ్ళండి.