పదసేకరణ పట్టికలు: జంట వరుసల మార్పు

తొలకరి వంటి యొక భావమునకు ఊరూర గల పదములను సేకరించువారు పట్టికను సాధారణముగా అడ్డముగా పెంచుదురు. ఉమ్మడి అనంతపురపు కరవుసీమలోని కొత్తచెరువు, బుక్కపట్టణము, పుట్టపర్తి, ధర్మవరములనే తీసికొందము. ఊరికి పదమొకటి, చెప్పినవారి వృత్తి యొకటి చొప్పున ఎనిమిది నిలువు వరుసలేర్పడును. వ్రాసికొనుటకిది అనుకూలమే, పరిశీలనకు మాత్రము కాదు. సేద్యగాండ్ర మాటలను వేరుచేయుటకు నాలుగు చోట్ల వెదకవలెను. కావున దానిని భావము, ఊరు, పదము, వృత్తి అను నాలుగు వరుసలుగా మార్చవలెను.

పదములనొకమారు, వృత్తులను వేరొకమారు నిలువునకు దింపి, భావమును బట్టి మాత్రమే కలిపినచో, ఒక్కొక్క భావమునకు నాలుగింటికి బదులు పదునారు అడ్డు వరుసలు వచ్చును. కొత్తచెరువు రైతు పలికిన మాట ధర్మవరపు నేతగాని నోట చేరును! మాండలిక వృత్తి పదకోశమున వ్యవసాయమునకు 1962లో, చేనేతకు 1971లో వేర్వేరు సంపుటములు వెలువడుట తలచినచో, ఈ పొరపాటు చిన్నది కాదని మా యభిప్రాయము.

ఎక్సెల్‌లోని పవర్ క్వెరీతో పనిచేయువారు ముందుగా శీర్షికలను ‘కొత్తచెరువు-పదము’, ‘కొత్తచెరువు-వృత్తి’ అని ఒకే తీరున వ్రాసి, ఎనిమిదింటిని కలిపి అన్‌పివట్ చేయవలెను. పిదప శీర్షికను అడ్డగీతకడ రెండుగా చీల్చి, రెండవ భాగమును మాత్రమే, విలువలను లెక్కింపనీయక, తిరిగి పివట్ చేసినచో జంట చెదరదు. అయితే అన్‌పివట్ ఖాళీ గడులను విడిచిపెట్టును. అందుచే పదము దొరకనిచోట ‘లేదు’ అనియు, అడుగనిచోట ‘అడుగలేదు’ అనియు ముందే నింపుట మేలని మేము తలంతుము.